నాలుగు వేలు ఉన్నాయన్న ధీమా

ఒకటో తారీఖున సచివాలయం మనిషి ఇంటికొచ్చి ఎన్టీఆర్ భరోసా కింద 4,000 రూపాయలు చేతిలో పెడుతుంటే, ముసలితనానికి విడిగా దాచుకోవడం ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. గిలకలదిండి మత్స్యకారులకూ పెడన నేతన్నలకూ 50 ఏళ్లకే ఆ పింఛను అందుతుంది కూడా. మంచి పథకమే. కానీ ఆ మొత్తం ఎంతో, ఎవరికి ఇవ్వాలో తేల్చేది ప్రభుత్వం. రేషన్ కార్డుతో, భూమితో, ఇంట్లోవాళ్ల ఉద్యోగంతో ముడిపడిన సాయం అది. మనం కట్టి సంపాదించుకున్న హక్కు కాదు. పొలం, బంగారం ఉన్నాయిగా అంటారా? 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ వాసులు ఇల్లు, గొడ్డు, పంట ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నారు. బంగారం ముసలితనందాకా ఆగదు, సాగు పెట్టుబడి కోసం ముందే తాకట్టుకెళ్తుంది.

పీఎఫ్ లేని చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివాడికీ, గుడివాడ కొట్టు గుమాస్తాకూ అందుబాటులో ఉన్నది 2015లో మొదలైన అటల్ పెన్షన్. ఆదాయపు పన్ను కట్టనివాళ్లు 18 నుంచి 40 ఏళ్లలోపు చేరాలి. 60 తర్వాత నెలకు 5,000 రావాలంటే పాతికేళ్లవాడు నెలకు 376 కడితే చాలు; నలభైలో చేరితే 1,454. మొదటివాడు 35 ఏళ్లు కట్టేది మొత్తం లక్షా 58 వేలు, రెండోవాడు 20 ఏళ్లలోనే మూడున్నర లక్షలు. సభ్యుడి తర్వాత అదే పింఛను జీవిత భాగస్వామికి, ఆపైన 8.5 లక్షలు నామినీకి.

ధరల సంగతేమిటన్నది గట్టి అభ్యంతరం. ఏటా ఆరు శాతం పెరిగితే 35 ఏళ్ల తర్వాతి 5,000కు నేటి 650 రూపాయల సరుకే వస్తుంది. కాబట్టి అటల్‌ను అడుగు మెట్టుగానే చూడాలి; మిగులు ఉంటే కొంత షేర్లలోకీ వెళ్లే జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్)లో వేయాలి. నలభై దాటినవాళ్లకూ అదే దారి. చీటీ మేలు కదా అంటే, పాడుకున్న సొమ్ము పెళ్లికో పడవకో పోతుంది. 60 దాకా సులువుగా చెయ్యి పెట్టనివ్వకపోవడమే ఈ పింఛను ఖాతాల్లో లాభం.

రాబడి నెలనెలా ఉండదన్నదీ నిజమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మత్స్యకారులకు వేట నిషేధం, కౌలురైతుకు డబ్బు కనబడేది కోతలయ్యాకే. వీళ్లు ఆరు నెలలకోసారి కట్టే పద్ధతి ఎంచుకోవచ్చు. అయితే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు ముందు ఆ అప్పు తీర్చాలి. అది ఏడాదికి 24 శాతం. ఏ పింఛనూ అంత రాబడి ఇవ్వదు.

పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఊరు బందరు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసినా ఖాతాలు అలాగే ఉన్నాయి, అటల్ వాయిదా వాటినుంచే దానంతటదే కట్ అవుతుంది. చిక్కల్లా, దేశంలో చేరినవాళ్లలో ఎక్కువమంది వెయ్యి రూపాయల పింఛను దగ్గరే ఆగిపోవడం. సంతకం పెట్టించే సిబ్బందికి ఖాతాల లెక్కే ముఖ్యమేమో! ఏడాదికోసారి మొత్తాన్ని పెంచుకునే వీలుంది. పాసుబుక్కు పట్టుకెళ్లి అడగాలి.