నియమం ఎవరి నెత్తిన?

మా ఊరు కోట చుట్టుపక్కల ఈ మధ్య ఒక మాట బాగా బలపడింది. పెళ్ళి భోజనాల దగ్గర, గుడి అరుగుల మీద, వాట్సాప్ గ్రూపుల్లో, చివరికి ఇంజనీరింగు చదివి వచ్చిన కుర్రవాళ్ళ నోట కూడా అదే మాట వింటున్నాను. మన పెద్దలు పెట్టిన ప్రతి నియమం వెనకా సైన్సు ఉందట. శాస్త్రంలో చెప్పింది చెప్పినట్టు పాటిస్తే ఈ కాలపు కష్టాలన్నీ తీరతాయట. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా మిద్దెల మీద నిలబడి చూస్తాం. అసలైన సైన్సుకు అంత దగ్గరలో ఉండి కూడా ఈ మాటకు ఎవరూ ఎదురు చెప్పడం లేదు. నేను గుడికి పోయేవాణ్ణే, పండగలూ పబ్బాలూ చేసుకునేవాణ్ణే. అయినా ఈ మాట తప్పనీ, మనం గౌరవిస్తున్నామనుకునే శాస్త్రానికి కూడా అన్యాయం చేస్తోందనీ నమ్ముతున్నాను. అందుకే ఖండిస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువగా సైన్సు పేరు చెప్పి సమర్థించే ఆచారం ముట్టు. ఒక ఇంటి సంగతి చూడండి. అది కోటలో ఉండవచ్చు, వాకాడులో ఉండవచ్చు. విద్యానగర్‌లో ఇంజనీరింగు చదివే పిల్ల ఆ మూడు రోజులూ వసారాలో చాప మీద ఉంటుంది. కంచం వేరు, గ్లాసు వేరు, దుప్పటి వేరు. దాహమేస్తే బిందె ముట్టకూడదు, ఎవరో ఒకరు వచ్చి పైనుంచి పొయ్యాలి. చేతిలో ఫోను ఉండవచ్చు, దానికి మైల లేదు. పుస్తకాల అలమర మాత్రం దేవుడి పటాల పక్కన ఉంది కనక అటు పోకూడదు. తెల్లారితే పరీక్ష. తమ్ముడు పుస్తకం తెచ్చి గడప ఇవతల పెట్టి, వేలు తగలకుండా వెనక్కి జరుగుతాడు. పదో తరగతి చదివే ఆ పిల్లవాడికి అక్కను ముట్టుకోకూడదని నేర్పిన పాఠం అది. నాలుగో రోజు చీకటితోనే లేచి తలకు పోసుకుని, పడుకున్న చాపా కప్పుకున్న దుప్పటీ ఆ పిల్లే తడిపి ఉతుక్కోవాలి.

"ఆడవాళ్ళకు విశ్రాంతి ఇవ్వడానికి పెట్టారమ్మా" అంటారు పెద్దలు. విశ్రాంతి ఇవ్వాలంటే మంచం వెయ్యాలి, వేడివేడిగా అన్నం పెట్టాలి, బట్టలు ఇంకొకరు ఉతకాలి. నేల మీద చాపా, ఎవరూ అంటని దుప్పటీ విశ్రాంతి ఎట్లా అవుతాయి? ఇంకో సంగతి కూడా ఉంది. కోట, వాకాడు, చిట్టమూరు పొలాల్లో నాట్లప్పుడు మోకాటి లోతు బురదలో రోజంతా నడుము వంచి నిలబడే కూలి ఆడవాళ్ళను ఏ రైతైనా ఆ మూడు రోజులు ఇంట్లో ఉండమని కూలి ఇచ్చి పంపాడా? వాళ్ళ చేతి నాటు పండితేనే ఆ ఇంట్లో మహానైవేద్యం. ఇంటి కోడలు వంటింటి గడప దాటితే మైల అనే మనిషి, ఆ బియ్యపు గింజ ఎవరు ఏ రోజున నాటారో అడగడు. ఈ నియమం విశ్రాంతి కోసమే పుట్టి ఉంటే అందరికంటే ముందు అందాల్సింది ఆ కూలి మనిషికే.

శాస్త్రం మాత్రం విశ్రాంతి అని ఎక్కడా చెప్పలేదు. తైత్తిరీయ సంహితలో చెప్పిన కారణం వేరు. ఇంద్రుడు విశ్వరూపుణ్ణి చంపాడు, బ్రహ్మహత్య చుట్టుకుంది, ఆ పాపాన్ని వంతులు వేసి నేలకూ చెట్లకూ స్త్రీలకూ పంచాడు. భాగవతంలో నీళ్ళు కూడా ఒక వంతు తీసుకున్నాయి. నేల వంతు చవుడైంది, చెట్ల వంతు బంకైంది, స్త్రీల వంతు ముట్టైంది. ఇదీ కథ. ఈ కథలో సైన్సు ఉందనేవాళ్ళు దాన్ని చదవలేదన్నమాట. పోనీ, కథనే నమ్ముదాం. మా సముద్రపు ఒడ్డున ఉన్నదంతా చవుడే. ఆ నేలకు దూరం జరగమని ఎవరూ అనలేదు. గుంటలు తవ్వి, రొయ్యలు పెంచి, డబ్బు చేసుకున్నాం. ఇంద్రుడి పాపంలో నేల వంతు మాఫీ అయింది, చెట్ల వంతు మాఫీ అయింది. ఆడవాళ్ళ వంతు మాత్రం ఈనాటికీ నెలనెలా వసూలు చేస్తున్నాం.

నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది. పాత నియమాలన్నీ పాటిస్తున్నామని చెప్పేవాళ్ళెవరూ అన్నీ పాటించడం లేదు. వదిలేసిన నియమాల జాబితా ఒకసారి చూస్తే, వదలనివి ఎందుకు వదలలేదో తేటగా తెలుస్తుంది.

వడ్డీ సంగతి తీసుకోండి. తాకట్టు ఉన్న అప్పుకు నెలకు ఎనభయ్యో వంతు వడ్డీ అని మనువూ చెప్పాడు, యాజ్ఞవల్క్యుడూ చెప్పాడు. మన లెక్కలో నూటికి రూపాయి పావలా. డబ్బు అప్పు మీద వడ్డీ ఎంత పెరిగినా, అసలూ వడ్డీ కలిసి అసలుకు రెట్టింపు దాటకూడదని కూడా ధర్మశాస్త్రమే గిరి గీసింది. రొయ్యల గుంటకు మేత కొనడానికో, బిడ్డ పెళ్ళికో మూడు రూపాయలకూ ఐదు రూపాయలకూ అప్పు తెచ్చి, అసలుకు రెండింతలు కట్టినా నోటు చేతికి రాని ఇళ్ళు మా దగ్గర ఉన్నాయి. నోటు రాయించుకునేవాడు రాహుకాలం చూసుకుంటాడు, శాస్త్రం చెప్పిన రూపాయి పావలా చూసుకోడు. ఆ లెక్కను మళ్ళీ తేవాలని ఏ సభలోనైనా తీర్మానం చేశారా? అదే శాస్త్రం తాకట్టు లేని అప్పుకు వర్ణాన్ని బట్టి వడ్డీ పెట్టింది. బ్రాహ్మణుడైతే నూటికి రెండు, శూద్రుడైతే ఐదు. మంచీ చెడూ ఒకే చోట, పక్కపక్క శ్లోకాల్లో ఉన్నాయి. ఏరుకోక తప్పదు. ఎవరి మేలు కోసం ఏరుకుంటున్నామన్నదే తేల్చుకోవాలి.

మేనరికం సంగతి చూడండి. మేనమామ కూతుర్ని చేసుకోవడం మనకు ముచ్చట, హక్కు కూడా. మనుస్మృతి దాన్ని దోషమంది, చాంద్రాయణ వ్రతం ప్రాయశ్చిత్తంగా పెట్టింది. బౌధాయనుడు మాత్రం అది దక్షిణాది వాళ్ళ ఆచారమని చెప్పి, ఎవరి దేశాచారం వాళ్ళకని ఊరుకున్నాడు. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యులు పరాశర మాధవీయంలో దానికి సమర్థన కూడా రాశారు. అంటే మన ఇళ్ళలో ఇష్టంగా జరిగే పెళ్ళి కోసం శాస్త్రాన్ని వంచుకోవడం మనకు కొత్త కాదు. సముద్రం దాటితే పతనమని చెప్పిందీ బౌధాయనుడే. ఈనాడు నెల్లూరు జిల్లాలో అమెరికాకు బిడ్డను పంపని బంధువర్గం అరుదు. వీసా రావాలని మొక్కుకుంటాం గానీ, తిరిగొచ్చిన బిడ్డకు ప్రాయశ్చిత్తం చేయించేది ఎవరు? చేయించాలని నేను అనడం లేదు. మగవాడి సంపాదనకు అడ్డం వచ్చిన నియమం చప్పుడు లేకుండా పోయిందనీ, ఆడపిల్ల మీద పడ్డ నియమానికి మాత్రం సైన్సు కవచం తొడిగారనీ అంటున్నాను.

"ఇట్లా ఎవరికి వాళ్ళు ఏరుకుంటే ధర్మమే మిగలదు గదా" అని అడుగుతారు. ఇది నిజాయితీగా అడిగే ప్రశ్నే, దీనికి జవాబు చెప్పాలి. ఆ జవాబు శాస్త్రంలోనే ఉంది. పదమూడో శతాబ్దంలో తిక్కన గారి కాలంలో కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. ఆ మితాక్షర ఏ స్మృతికి వ్యాఖ్యానమో ఆ యాజ్ఞవల్క్య స్మృతే, ధర్మమైనా లోకం ద్వేషించేదైతే ఆచరించవద్దంది. చివరికి దుఃఖం మిగిల్చే ధర్మాన్నీ, లోకం అసహ్యించుకునే ధర్మాన్నీ వదిలేయమని మనుస్మృతి కూడా చెప్పింది. నెల్లూరులో కూర్చుని తిక్కన తెలుగు చేసిన శాంతిపర్వంలో, పన్నెండేళ్ళ కరువులో ఆకలికి తాళలేక చండాలుడి ఇంట్లో కుక్కమాంసం దొంగిలించిన విశ్వామిత్రుడి కథ ఉంది. బతికుంటేనే ధర్మం చెయ్యగలమని ఆ ఋషి వాదించాడు. ఇవన్నీ నియమాన్ని మనిషి కష్టంతో తూచి చూడమని చెప్పిన మాటలే.

తర్వాతి పండితులు కలివర్జ్యాలని ఒక జాబితా కట్టారు. ఒకప్పుడు చెల్లిన నియోగాన్నీ, కొన్ని పశుబలులనూ ఈ యుగానికి పనికిరావని పక్కన పెట్టారు. వేదకాలపు విధినే మార్చగలమని ఒప్పుకున్నట్టే గదా. కానీ మార్చే అధికారం కొద్దిమంది చేతిలో ఉంటే ఏమవుతుందో కూడా ఆ జాబితాలోనే కనిపిస్తుంది. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవడాన్ని కూడా అందులో చేర్చారు. ఆ తలుపు తెరవడానికి కందుకూరి వీరేశలింగం గారు పరాశర స్మృతిని చేతబట్టుకుని పోరాడాల్సి వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి, వెలినీ వేధింపులనూ భరించారు. ఆనాడు ఆయన్ను ధర్మభ్రష్టుడన్నవాళ్ళ మునిమనవళ్ళు ఈనాడు ఆయన విగ్రహానికి దండ వేస్తున్నారు.

నియమం మార్చడానికి పండితులే కానక్కర్లేదు. మా తీరంలో మత్స్యకారుల పట్టపు పాలేల్లో దురాయి అని ఒకటుంది. పాలెం పెద్దలైన కాపులు కూర్చుని కట్టుబాటు పెడితే పాలెమంతా దానికి కట్టుబడుతుంది. దురాయి పేరుతో వెలివేతల వంటి అన్యాయాలు కూడా జరిగాయి, వాటిని వెనకేసుకు రాను. కానీ పాలెం కూర్చుని పెట్టిన కట్టును పాలెమే మళ్ళీ కూర్చుని ఎత్తెయ్యగలదు. పెట్టిన మనుషులు ఎదురుగా ఉంటారు, ఎందుకు పెట్టావని అడగవచ్చు. నియమానికి ప్రాణం ఉండడమంటే ఇదీ. వసారాలో చాప మీద ఉన్న పిల్ల ఎవరిని అడగాలి? అమ్మను అడిగితే అమ్మమ్మ పేరు చెబుతుంది, అమ్మమ్మ శాస్త్రం పేరు చెబుతుంది, ఆ శాస్త్రాన్ని ఇంట్లో ఎవరూ తెరిచి చూసి ఉండరు.

పాత నియమంతో ఈ కాలంలో బతకడం సాధ్యమే, అందమైనదే అని కూడా చెప్పాలి. కార్తీకం వచ్చేసరికి అయ్యప్ప మాల వేసుకున్న ఆటో డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, టీచర్లు కనిపిస్తారు. నలభై ఒక్క రోజులు చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, కాళ్ళకు చెప్పులుండవు, మందూ సిగరెట్టూ ఉండవు. నిన్నటిదాకా పేరు పెట్టి కసిరిన పనివాణ్ణి "స్వామీ" అని పిలవాలి. మనిషి తన కోపాన్ని తానే కట్టేసుకునే ఈ దీక్షకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. రంజాన్ మాసంలో ఎండన పనిచేస్తూ రోజా ఉండే మనిషికీ అదే నమస్కారం. అయితే ఆ దీక్ష ఇంట్లో నాలుగు గంటలకు లేచి, తడిబట్టతో స్వామికి వంట చేసేది ఎవరు? నెలసరి వస్తే మూటాముల్లె సర్దుకుని పుట్టింటికో పక్కింటికో పోయేది ఎవరు? మాల ఒకరి మెడలో, దీక్ష ఇంకొకరి నడుము మీద. తన పొయ్యి తాను వెలిగించుకుని, తన గిన్నె తాను కడుక్కునే స్వాములు కూడా ఉన్నారు. దీక్ష వాళ్ళది.

కాబట్టి కొలత ఒకటి చాలు. ఈ నియమం బరువు ఎవరు మోస్తున్నారు? మోసేవాళ్ళు తమంతట తాము ఒప్పుకున్నారా? నా మీద నేను పెట్టుకుంటే అది వ్రతం. కాదనే వీలు లేనివాళ్ళ మీద పెడితే దాని పేరు పెత్తనం, ఏ ఋషి పేరు చెప్పినా సరే. ఊరి బావినీ గుడి మెట్లనూ మాలమాదిగలకు మూసేసినప్పుడు కూడా శాస్త్రం పేరే చెప్పారు. అంటరానితనాన్ని రాజ్యాంగం పదిహేడో అధికరణంతో రద్దు చేస్తే ధర్మం మునిగిపోలేదు. వసారాలో చాప తీసేసినా మునిగిపోదు.

ఆచారం నిలబడాలని మనసారా కోరుకునే పెద్దలకు నా మనవి. పిల్లల చేత పాటింపజేయడంతో మొదలుపెట్టకండి, మీకు నష్టం తెచ్చే నియమంతో మొదలుపెట్టండి. అప్పిచ్చేవారైతే రూపాయి పావలాకు ఇవ్వండి, రెట్టింపు ముట్టిన నోటు చింపెయ్యండి. మాల వేసుకుంటే మీ వంట మీరు చేసుకోండి. ముట్టు పాటించాలో వద్దో ఆ పిల్లకే వదిలెయ్యండి, ఆమె ఏది ఎంచుకున్నా ఇంట్లో ఆమె చోటు ఆమెదేనని చెప్పండి. ఇవి చేసి చూపించినవాళ్ళు ధర్మం గురించి చెబితే ఊరు వింటుంది. చెయ్యలేనివాళ్ళకు ఇంకొకరి చాప ఎక్కడ వెయ్యాలో చెప్పే హక్కు లేదు.