అట్రోపిన్ అంబులెన్స్‌లోనే మొదలవ్వాలి

సింగరాయకొండ దగ్గర పొలంలో పురుగుల మందు ఒంటికెక్కి పడిపోయిన మనిషిని ఒంగోలు పెద్దాసుపత్రికి చేర్చాలంటే జాతీయ రహదారి మీద దాదాపు 30 కిలోమీటర్లు పోవాలి. చేలోంచి రోడ్డెక్కించడానికి పట్టే సమయం దీనికి అదనం. 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైన రోజుల్లో పిలిస్తే బండి రావడమే పెద్ద ఊరట. ఇరవై ఏళ్లు దాటాయి కాబట్టి ఇప్పుడు ఆ బండిలోని టెక్నీషియన్ ఏ మందు ఇవ్వగలడు, ఎంత ఇవ్వగలడు, ఎవరి అనుమతితో ఇవ్వగలడు అని అడగాలి. కొన్ని ప్రాణరక్షక మందులను, ముఖ్యంగా అట్రోపిన్‌ను, ముందే రాసిపెట్టిన వైద్య ఆదేశం ప్రకారం అతనే మొదలుపెట్టాలన్నది నా వాదన.

పత్తికీ మిరపకూ కొట్టే మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్లు ఒంట్లోకి పోతే నరాల సంకేతాలకు అడ్డుకట్ట వేసే ఎంజైమ్ పనిచేయదు. చొంగ కారుతుంది, చెమటలు పడతాయి, కంటిపాపలు చుక్కంత అవుతాయి, ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండి ఊపిరాడదు. ఆ స్రావాలను ఆరబెట్టేది అట్రోపిన్. మన దగ్గర ఒక్కో ఆంపూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు మూడు ఆంపూల్స్‌తో మొదలుపెట్టి, ఐదు నిమిషాలకు ఛాతీ విని, గరగర తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేయాలి. మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు: విషం గట్టిదైతే పావుగంటకే 45 ఆంపూల్స్ అయిపోతాయి. అంటే బండిలో పదో పదిహేనో ఉంటే ఒక్క రోగికీ చాలవు.

డాక్టరు కానివాడి చేతికి ఇంత మందు ఇస్తే ప్రమాదం కాదా అన్నది న్యాయమైన ప్రశ్నే. అట్రోపిన్ ఎక్కువైతే జ్వరం, గుండెదడ, మతిభ్రమ వస్తాయి. గడ్డిమందు పారాక్వాట్‌కు అది విరుగుడు కాదు. అందుకే ఆదేశం డబ్బా మీది పేరును నమ్ముకోకుండా లక్షణాలను బట్టి ఉండాలి. ఛాతీలో గరగర పోయి, నాడి 80 దాటి, బీపీ నిలబడితే మోతాదు పెంచడం ఆపాలి. మందు ఎక్కించే ముందు రోగి, మందు, మోతాదు, మార్గం, సమయం ఐదూ సరిచూసుకోవాలి, ఆంపూల్ మీది పేరు పైకి చదవాలి. ఊపిరి కండరాల బలహీనతకు అట్రోపిన్ పనిచేయదు గనుక ఆక్సిజన్, గొట్టంతో చొంగ లాగేయడం మానకూడదు. ఇవన్నీ నేర్పగల విషయాలే. ఫోన్లో డాక్టరు సలహా ఉంది కదా అంటారు. అది ఉండాల్సిందే, కానీ మొదటి మోతాదు ఫోను కలిసేదాకా ఆగకూడదు. మొదటి మోతాదు ఎక్కించాక డాక్టరుతో మాట్లాడటానికి అడ్డేమీ లేదు.

2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టులను గుర్తించింది. ఆ గుర్తింపుకు తగ్గ బాధ్యతను ఆదేశంలో రాసివ్వాలి, ఏటా మందుల మీద పరీక్ష పెట్టాలి, ఇచ్చిన ప్రతి మోతాదునూ డాక్టర్లు తర్వాత తిరిగి చూడాలి. పిచికారీ కాలంలో ఈ ప్రాంతపు ప్రతి 108 బండిలో కనీసం 50 ఆంపూల్స్ ఉండేలా జిల్లా యంత్రాంగం చూడాలి. అట్రోపిన్ ఖరీదైన మందు కాదు. అది అందుబాటులో లేక రైతు దారిలో ప్రాణం విడిస్తే దాన్ని విధి అని సరిపెట్టుకునే హక్కు ప్రభుత్వానికి లేదు.