సలహాల వరదలో ఈదడం ఎలా?

తొలిసారి ట్రయథ్లాన్‌లో పాల్గొనబోతున్నామని మీరు నలుగురిలో చెప్పి చూడండి. పుర్రెకో బుద్ధి అన్నట్లు, ఒకరు అన్నం మానమంటారు, మరొకరు రెట్టింపు తినమంటారు. ఒకరు కొత్త సైకిలు కొనమంటే, ఇంకొకరు బూట్లు మార్చమంటారు. సాధన కన్నా సలహాలు వినడమే మిమ్మల్ని ఎక్కువగా అలసటకు గురిచేస్తుంది.

సదుద్దేశంతో ఇచ్చిన సలహా కూడా హాని చేయవచ్చు. దాహం వేయకపోయినా వీలైనంత నీరు తాగమని పరుగువీరులకు ఒకప్పుడు గట్టిగా బోధించేవారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం తగ్గిపోయి ఉంది. అందుకు ప్రధాన కారణం అతిగా ద్రవాలు తాగడమే. సోడియం మరీ తగ్గితే మెదడు వాచి, ప్రాణాపాయం కలుగుతుంది. అందుకే నేడు దాహాన్ని బట్టి తాగమంటున్నాము.

కనుక సలహాలన్నింటినీ ఒకే తక్కెడలో తూచకండి. వాటిని మూడు రాశులుగా విడదీయండి.

మొదటిది, ప్రాణరక్షణకు సంబంధించినది. శ్రమించినప్పుడు ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, అసాధారణ ఆయాసం ఉన్నా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించినా ముందుగా వైద్యుణ్ణి సంప్రదించండి. ట్రయథ్లాన్ మరణాల్లో అధికభాగం ఈత దశలోనే సంభవిస్తున్నాయి. కొలనులో ఈదినంత మాత్రాన చాలదు. పర్యవేక్షణలో, తోడుతో చెరువులోనో సముద్రంలోనో ఈత సాధన చేయాలి. ఈ విషయంలో బేరం లేదు.

రెండవది, సాధనకు సంబంధించినది. స్ప్రింట్ పోటీ అంటే సాధారణంగా 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. దీనికి అనుభవజ్ఞుడైన ఒక్క శిక్షకుణ్ణి ఎంచుకుని, ఆయన మాటే పాటించండి. ఇద్దరి ప్రణాళికలను కలిపితే విశ్రాంతి దినాలు మాయమై, గాయాలు మిగులుతాయి.

మూడవది, పరికరాలు, పానీయాలు, చిట్కాలు. వీటిని విని నవ్వుతూ తల ఊపండి. నచ్చినదాన్ని సాధనలో పరీక్షించి చూడండి. పోటీకి రెండు వారాల ముందు ఆ తలుపు కూడా మూసివేయండి. పోటీనాడు కొత్త ఆహారమూ వద్దు, కొత్త బూట్లూ వద్దు.

సలహా ఇచ్చినవారిని నొప్పించనక్కరలేదు. "ఈసారికి ఇలా కానివ్వండి, వచ్చేసారి చూస్తాను" అంటే చాలు. కానీ ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా పోటీని అక్కడే ఆపండి. ఎవరు ప్రోత్సహించినా ఆ క్షణంలో మీరు వినవలసింది మీ దేహం చెప్పే మాటనే.