సన్మానమున కర్హత యేది?

ఏ సంఘము దేనిని సన్మానించునో దానినే తన బిడ్డలకు బోధించుచున్నది. పాఠ్యపుస్తకములలో నెన్ని నీతులు వ్రాసినను, వేదికమీద శాలువ యెవరి భుజములపై పడునో చూచియే బాలబాలికలు తమ జీవితమునకు గురి నిర్ణయించుకొందురు. కావున ఉన్నత పాఠశాలలు తమ పూర్వవిద్యార్థులను సన్మానించు ఆచారము కేవలము వేడుక కాదు. అదియు విద్యలో నొక భాగమే. దానిని గూర్చి పెద్దలు శ్రద్ధతో యోచింపవలసి యున్నది.

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోకనగరము - ఈ మూడు పేటలలో పాఠశాలలకు కొదువలేదు, సభలకును కొదువలేదు. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ వంటి వేదికలపై సన్మానములు నిత్యకృత్యములు. పూలదండ, శాలువ, జ్ఞాపిక, నాలుగు పొగడ్తలు - క్రమము మనకందరకు కంఠస్థమే. పాఠశాలల పక్షమున జరుగు సన్మానములలో ఎన్నికయగు వారెవరు? తరచుగా పెద్ద ఉద్యోగమందినవారు, విదేశములలో స్థిరపడినవారు, వ్యాపారమున గడించినవారు. వారి ప్రయోజకత్వమును మేము తక్కువ చేయుట లేదు. కాని పాఠశాల వారికిచ్చినదేమి, వారు లోకమునకు తిరిగి యిచ్చినదేమి యను ప్రశ్న ఆ సభలలో వినబడుట అరుదు. న్యాయస్థానములో వాది తన హక్కును రుజువు చేసికొనక తప్పదు. సన్మానసభలో మాత్రము పదవియే సాక్ష్యము, పదవియే తీర్పు!

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరదేశము పోనక్కరలేదు. నారాయణగూడలోనే మాడపాటి హనుమంతరావుగారి పేర నెగడిన బాలికల ఉన్నత పాఠశాల కలదు. దాని పుట్టుక నెరిగినవారికి సన్మానమునకును అవమానమునకును గల సంబంధము బోధపడగలదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు స్త్రీవిద్యాప్రవర్తకులైన మహర్షి కార్వేగారు. ఇతర భాషలలో ఉపన్యాసములు సాగినంతసేపు సభ శాంతముగా నుండెను. ఆలంపల్లి వేంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ నారంభింపగానే అల్లరి చెలరేగెను. ఆయన మాట సాగనీయరైరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘమునకు నాంది పలికిరి. వారిలో మాడపాటివారును ఒకరు.

అవమానమునకు ప్రతీకారముగా వారు మరియొక సభలో అల్లరి చేయలేదు, పాఠశాల పెట్టిరి. 1928లో ఆంధ్ర బాలికా పాఠశాల వెలసెను. అప్పటికి పదియేండ్లుగా ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముగా నడచుచుండెను. సంస్థానములో ఉన్నతవిద్యకు ద్వారము ఉర్దూయే. తెలుగున బోధించు ఉన్నత పాఠశాలకు అచట అనుబంధము లభింపకపోయెను. అప్పుడు నిర్వాహకులు చేసినదేమి? పూనాలో 1916లో కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయించిరి. ఎవరి యధ్యక్షతన జరిగిన సభలో తెలుగునకు అవమానము కలిగెనో, ఆ మహనీయుని విద్యాపీఠమే తెలుగు బాలికల చదువునకు ఆధార మయ్యెను. చరిత్రలో ఇంతకన్న చక్కని సమాధానము మరి యేమి కావలెను? కార్వేగారికి 1958లో భారతరత్న బిరుదము, మాడపాటివారికి 1955లో పద్మభూషణము లభించెను. ఆ బిరుదములు లేకున్నను వారి కీర్తికి లోపములేదు. వారికి పాఠశాలలే బిరుదములు.

ఇక ఆ పాఠశాల విద్యార్థినులను చూడుడు. పాలమూరు జిల్లా బిజినేపల్లిలో 1929లో జన్మించిన పాకాల యశోదారెడ్డిగారు అచట చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యులై, అధికార భాషా సంఘమునకు అధ్యక్షత వహించిరి. ఆ పదవులకన్న మిన్నయైన పని యొకటి వారు చేసిరి. తాము పుట్టిన పల్లెలోని స్త్రీల నోటి మాటను, సామెతను, నుడికారమును తెచ్చి కథలలో నిలిపిరి. 1973లో వెలువడిన ‘మా ఊరి ముచ్చట్లు’ అందుకు తార్కాణము. పట్టణమునకు వచ్చి చదివినవారు పల్లె భాషను మరచుట లోకమున సామాన్యము. ఈమె పల్లె భాషకే పట్టణమున పీట వేసిరి.

ఆరుట్ల కమలాదేవిగారు వివాహానంతరము అచట చదువుకొనిన మరియొక విద్యార్థిని. వారు తెలంగాణ సాయుధ పోరాటములో పాల్గొనిరి, కారాగార వాస మనుభవించిరి, ఆలేరునుండి మూడుమార్లు శాసనసభకు ఎన్నికైరి. వారి రాజకీయ మార్గముతో ఏకీభవింపనివారు ఉండవచ్చును. కాని చదువు వారిని ఇంటి గడపలో బంధింపలేదు, ప్రజల కష్టములయెదుట నిలిపినది. ఒకరు విశ్వవిద్యాలయమున, ఒకరు పోరాటమున - మార్గములు వేరు. అయినను ఇరువురును తాము పొందిన విద్యను తమ ఊరివారికి తిరిగి యిచ్చిరి. మా దృష్టిలో సన్మానమున కర్హత యిదియే. ఎంత యెత్తునకు ఎక్కెనని కాదు, ఎక్కినవాడు ఎవరికి చేయి అందించెనని చూడవలెను.

"ఉద్యోగస్థులను సన్మానించినచో పిల్లలకు ఉత్సాహము కలుగును గదా!" అని కొందరు అనవచ్చును. నిజమే. కాని ఉత్సాహముతోపాటు మరియొకటియు కలుగుచున్నది. అశోకనగరము వీథులలో ఒకమారు నడచి చూడుడు. సర్కారు కొలువుల పరీక్షలకు శిక్షణ నిచ్చు కేంద్రములు అడుగడుగున కలవు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో ఉదయమునుండి రాత్రివరకు యువకులు, యువతులు పుస్తకములపై వంగి యుందురు. పల్లెలలో తల్లిదండ్రులు అప్పు చేసి పంపిన బిడ్డలు వారు. ఆశపడినవారు వేలు, కొలువులు కొన్ని. కొలువు రానివాడు మనిషియే కాడన్నట్లు మన సన్మానసభలు చెప్పుచున్నచో, ఆ గ్రంథాలయమునుండి రిక్తహస్తములతో ఇల్లు చేరు బిడ్డకు మన మిచ్చు ధైర్యమేమి? అతడు తన ఊరిలో పది మందికి అక్షరము నేర్పినను, ఒక చెరువును కాపాడినను, పాఠశాల దృష్టిలో అతడు సన్మానార్హుడే యని చెప్పవలసిన సమయమిది.

మాతృభాషా విషయమునను ఒక మాట. 2018లో తెలంగాణ శాసనసభ పాఠశాలలలో తెలుగు బోధన తప్పనిసరి యని చట్టము చేసినది. 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టిరి. పేదవాని బిడ్డకు ఆంగ్లము వలదనుట మా యభిప్రాయము కాదు. ధనికుని బిడ్డకు దొరకునది పేదకును దొరకవలెను. కాని తెలుగున చదివినవాడు తక్కువవాడను భావము చట్టములవలన పోదు, గౌరవమువలన పోవును. తెలుగు మాధ్యమమున చదివి పైకి వచ్చినవారిని వేదికపై నిలిపి, ఆ సంగతి పిల్లల యెదుట వారిచే చెప్పింపవలెను. ఆ సాక్ష్యము నూరు ఉపన్యాసములకన్న బలవత్తరము.

కావున మూడు పేటల పాఠశాలల నిర్వాహకులకు మా మనవి యిది. సన్మానమునకు పేరు ఎన్నుకొనునపుడు పదవితోపాటు సేవనుగూడ విచారింపుడు. ఏటేట ఒక పూర్వవిద్యార్థితోపాటు ఒక వృద్ధ ఉపాధ్యాయుని గాని ఉపాధ్యాయినిని గాని వేదికపై కూర్చుండబెట్టుడు. విద్యార్థి ఘనత వెనుక గురువు శ్రమ కలదు గదా! శాలువలకు, జ్ఞాపికలకు అగు వ్యయములో సగము తీసి ఒక పేద బాలిక చదువునకు కేటాయింపుడు. సన్మానితులును దండ వేసికొని వెడలిపోక, నెలకు ఒక గంట తమ పాఠశాలలో పాఠము చెప్పుటకు మాట యీయవలెను. ఇందులో అసాధ్యమైనది యేదియు లేదు. తెలుగు మాటను వినిపింపనీయని కాలములో తెలుగు పాఠశాలను నిలిపినవారు అసాధ్యమును సాధించిరి. వారు నాటిన చెట్టు నీడలో కూర్చుండి మనము దండలు మార్చుకొనుటయే కాక, ఆ చెట్టునకు నీరుకూడ పోయవలదా?