మడత సైకిల్‌కి పుత్తూరు కట్టు

'వెల్డింగ్ పెడితే సరిపోతాది సార్.' తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ విరిగిన లోహం ఏది కనబడినా ముందు వినబడే మాట ఇదే. గేటు ఊడినా, స్కూటర్ స్టాండు విరిగినా, ట్రాక్టర్ ట్రాలీ చీలినా అదే మందు. చాలావరకు ఆ మాట నిజం కూడా. అందుకే అది చెల్లని చోట కూడా ఎవరూ ఎదురు అడగరు. నా తగువంతా ఆ చెల్లని చోటుతోనే. సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్న అల్యూమినియం మడత సైకిల్, సరిగ్గా మడత దగ్గర పగిలిన దాని ఫ్రేము.

2020లో కరోనా వచ్చి జిమ్ములకు తాళాలు పడ్డాక దేశమంతా సైకిళ్ల మీద పడింది. అందులో మడత సైకిల్‌కి వేరే మోజు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పడుతుంది, కారు డిక్కీలో పడుతుంది, హాస్టల్ గదిలో మంచం కింద పడుతుంది, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో సీటు పక్కన పెట్టుకుని చెన్నై దాకా పోవచ్చు. మోజు తీరాక అవన్నీ బాల్కనీలకు చేరాయి. ఇప్పుడు ఒక్కొక్కటే అమ్మకానికి దిగుతున్నాయి. ఎన్నిసార్లు కింద పడిందో, ఎంత బరువు మోసిందో, ఏ లారీ వెనక తాళ్లతో బిగించుకుని వచ్చిందో చెప్పే కాగితం ఏదీ దానితో రాదు. స్కూటర్‌కైతే ఆర్‌సీ చూస్తాం, ఇన్సూరెన్స్ అడుగుతాం. సైకిల్‌కి అమ్మేవాడి నోటిమాటే ఆర్‌సీ.

అమ్మేవాళ్ల మొదటి వాదన: 'మడత సైకిల్ కదన్నా, ఆ మాత్రం ఊగులాట ఉంటాది.' ఉండకూడదు. మామూలు సైకిల్ ఫ్రేములో పై గొట్టం, కింది గొట్టం, సీటు గొట్టం కలిసి త్రికోణం కడతాయి. బరువును మూడూ పంచుకుంటాయి. మడత సైకిళ్లలో ఎక్కువ వాటికి ఈ త్రికోణం లేదు. ఒకటే లావుపాటి గొట్టం. దాన్ని కూడా నడిమికి కోసి కీలు పెట్టారు. చక్రమేమో 20 అంగుళాలది. పెద్ద చక్రం దాటిపోయే గుంతలో ఇది దిగబడుతుంది. మన వీధుల్లో ఇంటికొకటిగా మొలిచే స్పీడ్ బ్రేకర్ల మీద దబ్బుమని దిగిన ప్రతిసారీ, గొట్టాన్ని వంచాలని చూసే బలమంతా ఆ కీలు చుట్టూ నాలుగు వేళ్ల మేర పడుతుంది. అందుకే తయారుచేసేవాళ్లు అక్కడ లోహం మందంగా పోస్తారు, లివరు వేశాక కీలు రెండు ముఖాలూ వెంట్రుక దూరనంత బిగుతుగా కూర్చునేలా చేస్తారు. అట్లా చేసినా, పేరున్న కంపెనీలే కీలు దగ్గర ఫ్రేము పగులుతోందని తెలిసి అమ్మిన సైకిళ్లను వెనక్కి పిలిపించుకున్న సందర్భాలు ఉన్నాయి. లాక్ వేసిన కీలు ఊగుతున్నదంటే రెండే అర్థాలు. లివరు నట్టు సడలింది, లేదా కీలు అరిగిందో ఫ్రేము పగిలిందో అయ్యుంటుంది. మొదటిది స్పానర్‌తో రెండు నిమిషాల పని. అది చేసిచూపించకుండా 'అంతే ఉంటాది' అనేవాడు రెండోది దాస్తున్నాడని అనుకోవడంలో తప్పులేదు.

రెండో వాదన ఇంకా మొండిది. మొన్నామధ్య అమ్మకానికి పెట్టిన ఒక సైకిల్‌ని చూడమని స్నేహితుడు పిలిస్తే వెళ్లాను. నీలం రంగు మెరుస్తోంది. కీలుకు ముందువైపు, గొట్టం అడుగున, ఏ కంపెనీ స్టిక్కరు అంటించని చోట ఒక స్టిక్కరు వంకరగా అంటించి ఉంది. దాని అంచును గోటితో గీరితే రంగు పెచ్చుగా లేచింది. కింద పుట్టీ. పుట్టీ కింద ఆకురాయితో నున్నగా అరగదీసిన వెల్డింగ్ గీత. దాని పక్కనే, వెల్డింగ్ అంచును పట్టుకుని, ఇంకో సన్నటి నల్లటి గీత కొత్తగా మొదలైంది. అల్యూమినియం ఇనుములాగా తుప్పు కారదు, కాబట్టి పగులు ఎర్రగా కనబడి మనల్ని హెచ్చరించదు. అమ్మే అతను ఏమాత్రం తొణక్కుండా అన్నాడు: 'చిన్న వెల్డింగ్ సార్. ఆర్గాన్ పెట్టించినాం. కొత్తదానికంటే గట్టి.'

ఈ 'కొత్తదానికంటే గట్టి' అనే నమ్మకం మన జిల్లాల్లో ఊరికే పుట్టలేదు. పక్కనే పుత్తూరు ఉంది. చెయ్యి విరిగినా కాలు విరిగినా ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. కట్టు కట్టించుకుని వచ్చి కొన్ని వారాలకు ఎప్పటిలాగా పొలం దున్నినవాళ్లు ప్రతి పల్లెలో ఉంటారు. విరిగింది కట్టుకడితే అతుకుతుందనేది మనకు చిన్నప్పుడే ఒంటబట్టిన మాట. కానీ అక్కడ అతికేది కట్టు కాదు, ఎముక. కట్టు దాన్ని కదలకుండా పట్టుకుంటుంది, ఎముక తనలోంచి కొత్త ఎముకను పుట్టించి చీలికను పూడ్చుకుంటుంది. అల్యూమినియం గొట్టంలో పుట్టేదేమీ లేదు. దాని బలం ఫ్యాక్టరీలో పెట్టిన బలమే, వెల్డింగ్ వేడి తాకిన చోట అది కూడా పోతుంది.

ఎట్లా పోతుందో చెప్పాలి, ఎందుకంటే 'ఆర్గాన్' అన్న మాటతో అందరి నోళ్లూ మూయిస్తున్నారు. సైకిళ్లకు ఎక్కువగా వాడే అల్యూమినియం మిశ్రమాల్లో 6061 ఒకటి. అల్యూమినియంలో కాస్త మెగ్నీషియం, కాస్త సిలికాన్ కలిపింది. ఉన్నదున్నట్టు వాడితే ఇది మెత్తటి లోహం. ఫ్రేమంతా వెల్డింగ్ చేశాక దాన్ని కొలిమిలో 530 డిగ్రీల దగ్గర కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, ఆ తర్వాత 160-175 డిగ్రీల వేడిలో గంటల తరబడి మగ్గబెడతారు. అప్పుడు లోపల కంటికి కనబడని రేణువులు ఏర్పడి లోహం గట్టిపడుతుంది. ఈ బలానికి టీ6 అని పేరు. వంగిపోకుండా అది తట్టుకునే ఒత్తిడి 275 మెగాపాస్కల్స్ దాకా ఉంటుంది. ఇప్పుడు షాపులో దాని మీద మళ్లీ టార్చి పెట్టండి. గీత వేసినచోట లోహం కరుగుతుంది. గీతకు అటూ ఇటూ కరగదు గానీ, మగ్గబెట్టి తెచ్చిన ఆ రేణువులన్నీ చెదిరిపోతాయి. అక్కడ మిగిలే బలం అంతకుముందున్న దాంట్లో సగం కంటే తక్కువ. ఆ నీలం సైకిల్‌కి రెండో పగులు గీత మీద కాకుండా గీత పక్కన ఎందుకు లేచిందో దీంతో తెలుస్తుంది.

ఆర్గాన్ చేసే మేలు వేరు. అల్యూమినియం మీద ఎప్పుడూ ఒక సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. లోహం 660 డిగ్రీల లోపే కరిగితే ఆ పొర కరగడానికి రెండువేల డిగ్రీలు దాటాలి. ఈ వెల్డింగ్‌కి వాడే టిగ్ మిషన్ కరెంటు ఆ పొరను చీలుస్తుంది, ఆర్గాన్ వాయువు బయటి గాలి తగలకుండా కాపాడుతుంది. దానివల్ల అతుకు శుభ్రంగా వస్తుంది. పోయిన టీ6 తిరిగి రాదు. రావాలంటే ఫ్రేము మొత్తాన్ని మళ్లీ కొలిమికెక్కించాలి, ఆ వేడికి వంకరపోతే సరిచేయాలి. సెకండ్ హ్యాండ్ సైకిల్ కోసం ఆ పని ఎవరు చేస్తారు? 7005 అనే ఇంకో మిశ్రమం ఉంది, వెల్డింగ్ తర్వాత రోజుల మీద తనంతట తానే కొంత గట్టిపడుతుంది. కానీ మన చేతిలో ఉన్నది ఏ మిశ్రమమో స్టిక్కరే లేని ఫ్రేము మీద చదివేదెట్లా?

ఇందులో వెల్డింగ్ మేస్త్రీ తప్పేమీ లేదు. గీత ఇంత సన్నగా వేసే చెయ్యి ఊరికే రాదు. ఆయన్ని అతకమన్నారు, అతికాడు. ఆ అతుకు మీద పుట్టీ పూసి రంగు కొట్టించింది ఎవరో అడగాలి.

మూడో వాదన నాకు ఎక్కువ కోపం తెప్పించేది: 'ఇద్దరం ఎక్కి గెంతినాం సార్, ఏమీ కాలేదు.' పగులు మొదటిరోజు ఏమీ చేయదు. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండు కామెట్ జెట్ విమానాలు ఆకాశంలోనే ముక్కలయ్యాయి. ఆ విమానం ఒళ్లు కూడా అల్యూమినియం మిశ్రమమే. బలానికి పరీక్షలు నెగ్గినదే. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ని పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి ఒత్తిడి పెంచుతూ, తగ్గిస్తూ, మళ్లీ మళ్లీ చేస్తే అప్పుడు బయటపడింది, రంధ్రాల మూలల్లో మొదలైన పగుళ్లు మెల్లగా పాకి ఒకరోజు ఒక్కసారిగా తెరుచుకున్నాయని. ఒక పెద్ద దెబ్బకు తట్టుకోవడం వేరు, లక్ష చిన్న దెబ్బలకు తట్టుకోవడం వేరు. ఉక్కుకు ఒక హద్దుంది, దానికి లోబడిన ఒత్తిడిని ఎన్నిసార్లయినా మోస్తుంది. అల్యూమినియంకి ఆ హద్దు లేదు, ప్రతి దెబ్బా లెక్కలోకి వస్తుంది. సైకిళ్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210లో ఫ్రేముని మిషన్ మీద పెట్టి లక్షసార్లు తొక్కించి చూడటం అందుకే. అది కొత్త ఫ్రేముకి. వెల్డింగ్ పెట్టిన ఫ్రేముకి జరిగే పరీక్ష ఇద్దరు ఎక్కి గెంతడమే. ఇక మూడో పరీక్ష కొన్నవాడు చేస్తాడు, అలిపిరి నుంచి తిరుపతి ఊళ్లోకి దిగే వాలులో.

ఇనుప సైకిల్‌కి ఇదంతా వర్తించదు, ఒప్పుకుంటాను. పాలవాళ్లు రెండు క్యాన్లు తగిలించుకుని తిరిగిన పాత హెర్క్యులిస్, అట్లాస్, హీరో సైకిళ్లకు గ్యాస్ పెట్టి ఇత్తడి పోసి అతికితే ఇరవై ఏళ్లు నడిచాయి. అది మెత్తటి ఉక్కు, వేడికి పెద్దగా నష్టపోదు. అతుకు దగ్గర సడలితే ముందు తుప్పు చూపిస్తుంది, తర్వాత వంగుతుంది, చివర్న విరుగుతుంది. మూడుసార్లు చెప్పి పోతుందన్నమాట. ఆ తరం అనుభవాన్ని తెచ్చి ఈ లోహం మీద రుద్దడమే నేను కాదంటున్నది. మీ ముందున్నది ఏదో తెలియాలంటే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఉక్కు. మడత సైకిళ్లలో ఉక్కువీ ఉన్నాయి. లండన్‌లో తయారయ్యే బ్రాంప్టన్ ఫ్రేము ఇప్పటికీ ప్రధానంగా ఉక్కే, ఇత్తడితో అతికేదే. అయినా కీలు పక్కన పగిలితే ఉక్కయినా కీలు ముఖాలు సమంగా కూర్చునేలా అతకడం వీధి చివర షాపులో అయ్యే పని కాదు.

చివరి వాదన కొంచెం బరువైనది. 'కొత్తది పదిహేను వేల పైమాట. అంత పెట్టలేనోళ్లు ఏం చేయాల? వాళ్లకిదే గతి.' బీదవాడి పేరు చెప్పి ప్రమాదాన్ని చవగ్గా అమ్మడమిది. ఈ అతికినదానికి పెట్టే డబ్బుకి గట్టి మామూలు సైకిల్ దొరుకుతుంది, మడత లేనంత మాత్రాన అది తొక్కడానికి పనికిరాకుండా పోదు. మడత సైకిల్ హ్యాండిల్ కాడకీ అడుగున కీలుంటుంది, అక్కడ విరిగితే మనిషి పక్కకు పడడు, ముఖం మీద పడతాడు. తిరుపతిలో రుయా, బర్డ్ ఆసుపత్రుల్లో వైద్యానికి బిల్లు పెద్దగా కాకపోవచ్చు. మూడు నెలలు మంచం మీద ఉన్న కూలీవాడికి కూలి ఎవరిస్తారు?

అట్లాగని సెకండ్ హ్యాండే వద్దనే ఇంకో బ్యాచ్ ఉంది, వాళ్లతోనూ నాకు పొత్తు లేదు. పాతది కొనండి, చూసి కొనండి. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకూ వెనక్కూ తోస్తూ, కీలు అతుకు మీద అడ్డంగా వేలు పెట్టండి. కదలిక వేలికి తెలుస్తుంది. హ్యాండిల్ కాడ అడుగున ఉన్న కీలుకీ ఇదే పరీక్ష. తర్వాత కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి, సెల్ టార్చిని పక్కవాటుగా పట్టి వెల్డింగ్ అంచుల వెంబడి చూడండి. రంగు మాత్రమే పగిలిందా లోహం కూడానా అనే అనుమానం ఉంటే, అక్కడి రంగు కాస్త గీకనిమ్మని అడగండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ పరీక్షకు వాడే ఎర్ర రంగు, తెల్ల పొడి స్ప్రేలు ఉంటాయి, తెలిసినవాళ్లు ఉంటే పగులు ఎర్ర గీతగా బయటికొస్తుంది. ఒకరిద్దరి చేతులు మారాక కొత్తగా రంగు వేయించిన అల్యూమినియం ఫ్రేముని, ఎంత బాగున్నా సరే, నేనైతే ముట్టుకోను. షాపులో కొంటే బిల్లు మీద 'ఫ్రేముకి వెల్డింగ్ జరగలేదు' అని రాయించుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారి మీద పనిచేస్తుంది. పక్కింటాయన దగ్గర కొన్నదానికి ఆ చట్టం అక్కరకు రాదు.

అమ్మేవాళ్లకు కూడా ఒక మాట. నష్టపోమని అనడం లేదు. చక్రాలు, గేర్లు, బ్రేకులు, సీటు, పెడళ్లు విడివిడిగా అమ్మండి, వాటికి గిరాకీ ఉంది. ఫ్రేముని మాత్రం కీలు పక్కన హ్యాక్సా బ్లేడుతో రెండుగా కోయించి తూకానికి వేయండి. కోయకుండా వేస్తే ఎవరో ఒకరు మళ్లీ పుట్టీ పూస్తారు. అల్యూమినియం వృథా పోయేది కాదు, ఖనిజం నుంచి తీయడానికి పట్టిన శక్తిలో దాదాపు ఇరవయ్యో వంతుతో కరిగి మళ్లీ లోహమవుతుంది.