బిల్లు వద్దంటే దొంగేనా?

బళ్లారి: కొన్నది రూ.172 సరుకు. ఇచ్చింది రూ.200 నోటు. చేతికొచ్చిన చిల్లర రూ.28. రానిది ఒక్క కాగితం ముక్క. ఆ ముక్క చేతిలో లేని పాపానికి యాభై ఎనిమిదేళ్ల మా చిన్నమ్మ నగరంలోని ఒక సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర ముప్పావు గంట దోషిలా నిలబడాల్సి వచ్చింది. ఇంటి విషయం పత్రికకు ఎక్కించడం ఈ విలేకరికి అలవాటు లేదు. కానీ ఇది మా ఒక్క ఇంటి విషయంగా తోచడం లేదు. సరిహద్దు దాటి వచ్చి బళ్లారిలో సరుకు కొనే ప్రతి తెలుగు కుటుంబానికీ రేపు ఎదురు కావచ్చు.

అసలేం జరిగింది?

చిన్నమ్మది అనంతపురం జిల్లా రాయదుర్గం. బంధువుల పెళ్లికని బళ్లారి వచ్చింది. కొబ్బరినూనె, రెండు సబ్బులు, ఒక బిస్కెట్ పొట్లం తీసుకుని కౌంటర్ దగ్గరికెళ్లింది. అక్కడి అమ్మాయి ఫోన్ నంబర్ అడిగింది. నంబర్ ఎవరికీ చెప్పొద్దని, చెబితే బ్యాంకులో డబ్బులు పోతాయని కొడుకు వందసార్లు చెప్పి ఉన్నాడు. అందుకే ‘వద్దమ్మా, ఏమీ వద్దు’ అంది. ఆ అమ్మాయి బిల్లే వద్దంటున్నారని అనుకుంది. చిల్లర ఇచ్చి పంపేసింది. అక్కడితో అయిపోయేదే.

గుమ్మం దగ్గర కాపలా కుర్రాడు ‘బిల్?’ అన్నాడు. లేదంది. సంచి పక్కన పెట్టమన్నాడు. చేతి బ్యాగు తీసుకుని జిప్పు లాగాడు. లోపల తలనొప్పి బామ్ డబ్బా ఉంది. సగం వాడినదే, ఇంటి నుంచి తెచ్చుకున్నదే. అదే రకం డబ్బాలు లోపల అరలో ఉన్నాయి. ఇంకేముంది, అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోయింది. సూపర్‌వైజర్ వచ్చాడు. ‘బ్యాగ్ పూర్తి తోరిసి’ అని కన్నడంలో గద్దించాడు. అంటే బ్యాగంతా చూపించమని. ‘దుడ్లు ఇచ్చినాను కదప్పా, ఆ పాపనే అడుగు’ అని చిన్నమ్మ మొత్తుకున్నా వినిపించుకోలేదు. లోపలికీ బయటికీ తిరిగే జనం ఆగి చూస్తున్నారు. వారిలో పెళ్లివారి తరఫు వాళ్లూ ఉన్నారు. చిన్నమ్మకు అదే పెద్ద దెబ్బ.

ఫోన్ వస్తే ఈ విలేకరి పరుగెత్తాడు. కన్నడంలో రెండు మాటలు మాట్లాడగానే ‘సార్, కూర్చోండి’ అన్నారు. కంప్యూటర్‌లో చూస్తే ఆ అమ్మవారి లెక్క వరుసలోనే ఉంది. సమయం, సరుకు, రూ.172. వెతకడానికి పట్టింది ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం పని మొదటే ఎందుకు చేయలేదని అడిగితే నీళ్లు నమిలారు. ‘దొంగ’ అన్న మాట పదిమంది వినేలా వచ్చింది. ‘సారీ’ మాత్రం మా ఇద్దరికే వినిపించింది.

బిల్లు ఎవరి బాధ్యత?

బిల్లు తీసుకోండి, అది మీ హక్కు అని ప్రభుత్వాలు చెబుతూనే ఉన్నాయి. 2005లో మొదలైన ‘జాగో గ్రాహక్ జాగో’ ప్రచారం సారాంశం అదే. 2023 సెప్టెంబరు 1న కేంద్రం ‘మేరా బిల్ మేరా అధికార్’ పేరుతో బిల్లులకు బహుమతుల పథకాన్ని ప్రయోగాత్మకంగా తెచ్చింది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి వర్తించడంతో మన యానాం వాసులూ దాని పరిధిలోకి వచ్చారు. ఆ పథకంలోనూ కనీసం రూ.200 బిల్లు ఉండాలన్న నిబంధన పెట్టారు.

ఈ రూ.200 లెక్క ఊరికే రాలేదు. జీఎస్టీ చట్టం 31వ సెక్షన్ ప్రకారం సరుకు అమ్మిన వ్యాపారి బిల్లు ఇవ్వాలి. అయితే విలువ రూ.200 లోపు ఉండి, కొన్నవారు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు వినియోగదారులై, బిల్లు కావాలని అడగకపోతే విడిగా ఇవ్వకపోయినా ఫర్వాలేదు. అలాంటి అమ్మకాలన్నిటికీ కలిపి రోజు చివర్లో ఒక బిల్లు రాసుకోవాలి. అంటే రూ.172 సరుకుకు బిల్లు తీసుకోకుండా బయటికి రావడం చట్టమే ఊహించిన విషయం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా బిల్లు ఇవ్వకపోవడాన్ని వ్యాపారి తప్పుగానే చూస్తుంది. తీసుకోనివారిని దొంగ అనుకొమ్మని ఈ రెండు చట్టాల్లో ఏదీ చెప్పలేదు.

ఫోన్ నంబర్ సంగతి మరొకటి. నంబర్ ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపార సంఘాలకు సూచించింది. అయినా కౌంటర్లలో మొదటి ప్రశ్న ఇప్పటికీ అదే. నంబర్ చెప్పడం ఇష్టంలేని వారు చాలామంది బిల్లునూ వదులుకుని వచ్చేస్తున్నారు. కౌంటర్ దగ్గర జరిగిన పొరపాటుకు గుమ్మం దగ్గర శిక్ష పడుతోంది.

గుమ్మం దగ్గర ఎవరికెంత అధికారం?

బిల్లు చూపించమని అడగడం తప్పు కాదు. కౌంటర్‌లో పొరపాటున ఎక్కువ తక్కువలు పడితే అక్కడే తేలుతుంది. బిల్లు మీద టిక్ పెట్టి పంపే పద్ధతి అన్ని పెద్ద దుకాణాల్లో ఉన్నదే. చిక్కంతా అడగడం దాటి ఆపడం, ఆపడం దాటి వెతకడం దగ్గరే వస్తోంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం మామూలు వ్యక్తి ఎవరినైనా పట్టుకోవాలంటే నేరం తన కళ్లెదుటే జరగాలి. అది బెయిలుకు వీల్లేనిది, పోలీసులు నేరుగా కేసు కట్టదగినది అయి ఉండాలి. పట్టుకున్నాక అనవసర జాప్యం లేకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అనుమానం వచ్చిందని పట్టుకోవచ్చని అందులో లేదు.

ఇంకో ముఖ్యమైన మార్పు చాలా దుకాణాలకు తెలిసినట్టు లేదు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు ఉంది. కానీ సొత్తు విలువ రూ.5,000 లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలి, సొత్తు తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ మాత్రమే. ఈ చిన్న దొంగతనాన్ని బెయిలు ఇవ్వదగినదిగా, పోలీసులు నేరుగా కేసు కట్టడానికి వీల్లేనిదిగా షెడ్యూలులో చేర్చారు. నిజంగా బామ్ డబ్బా దొంగిలించినవారి విషయంలోనే చట్టం ఇంత ఆచితూచి అడుగేస్తుంటే, డబ్బు కట్టిన మనిషిని ముప్పావు గంట నిలబెట్టడాన్ని ఏమనాలి?

దానికీ పేరుంది. దారిన పోనివ్వకుండా అక్రమంగా అడ్డగిస్తే 126వ సెక్షన్ కింద నెల వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఎటూ కదలకుండా నిర్బంధిస్తే 127వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇక తనిఖీ మాట. మామూలు వ్యక్తి పట్టి అప్పగించినప్పుడు ఒంటిమీద, చేతిలో ఉన్నవి వెతికే అధికారం 49వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారిది. మహిళనైతే మహిళే, మర్యాదకు భంగం కలగకుండా చూడాలి. మగ కాపలాదారు ఒక పెద్దావిడ బ్యాగు జిప్పు లాగడం ఏ లెక్కన చూసినా తప్పే.

దుకాణం గోడు కూడా వినాలి

ఒకవైపే చెబితే న్యాయం కాదు. చేతివాటం వల్ల దుకాణాలకు నష్టం రావడం నిజం. అరల్లో సరుకు తగ్గితే తమ జీతంలో కోత పడుతుందేమోనన్న భయం సిబ్బందిది. ఆరోజు చిన్నమ్మను ఆపిన కుర్రాడు ఉత్తరాది నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. అతనికి కన్నడం రాదు, తెలుగు రాదు. ‘బిల్లు లేకుండా వదిలితే నన్ను తీసేస్తారు సార్’ అని హిందీలో చెప్పుకున్నాడు. అతని మీద కోపం నిలవలేదు.

తప్పు ఆ కుర్రాడి కంటే అతనికి ఇచ్చిన ఆదేశంలో ఉంది. బిల్లు లేకపోతే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు, ఆపమని మాత్రమే చెప్పారు. కౌంటర్ యంత్రంలో ప్రతి అమ్మకం నమోదవుతుంది. ఏ కౌంటర్‌లో, ఎప్పుడు కొన్నారని మర్యాదగా అడిగి అక్కడ చూసుకుంటే సరిపోతుంది. ఎదుటి మనిషిని నిరూపించుకోమనడం కంటే తమ లెక్క తాము చూసుకోవడం సులువు, న్యాయం కూడా.

భాష మారితే మర్యాద మారాలా?

ఈ విలేకరిని ఇప్పటికీ తొలుస్తున్నది వేరే సంగతి. కంప్యూటర్ చూడకముందే, కన్నడం వినగానే వారి గొంతు మారింది. సంచి అదే, సరుకు అదే, బిల్లు లేకపోవడమూ అదే. మారింది భాష ఒక్కటే. మరి కన్నడం వచ్చిన బంధువు లేని మనిషి గతేమిటి?

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి తాలూకా మైసూరుకు, రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. గీత గీసినంత తేలిగ్గా చుట్టరికాలు తెగలేదు. పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, బట్టలకు ఆ పక్కవారు ఈ పక్కకు రావడం ఇప్పటికీ ఉంది. బళ్లారి పాత అంగళ్లలో యజమాని కన్నడంలో లెక్క చెబుతాడు, కొన్నవారు తెలుగులో బేరమాడతారు, ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. అక్కడ అడిగేవరకు బిల్లూ ఉండదు, అనుమానమూ ఉండదు. ఎందుకంటే మనిషి మనిషికి తెలుసు. పెద్ద దుకాణాల్లో ఆ పరిచయం ఉండదు కాబట్టే కాగితం మీద ఆధారపడతారు. ఆధారపడొచ్చు. కానీ కాగితం లేనప్పుడు మాట్లాడటానికి మనిషికి అర్థమయ్యే భాష ఒకటి ఉండాలి. హోసూరులోనైనా, బరంపురంలోనైనా, రాయగడలోనైనా తెలుగువారికి ఇదే అవసరం. కోరుతున్నది ప్రత్యేక హోదా కాదు, చెప్పేది వినే ఒక్క మనిషిని.

ఇలా జరిగితే ఏం చేయాలి?

ముందుగా, విలువ ఎంతైనా బిల్లు అడిగి తీసుకోవడం మేలు. వస్తువు పాడైతే మార్చుకోవడానికీ అదే ఆధారం. ఫోన్ నంబర్ చెప్పకుండానే కాగితం బిల్లు అడగవచ్చు.

బిల్లు లేనప్పుడు ఆపితే గొడవ పడకుండా కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి లెక్క చూడమనాలి. ఫోన్‌లో చెల్లించి ఉంటే ఆ సందేశం చూపవచ్చు. అయినా వదలకపోతే బ్యాగు వెతకనివ్వకుండా 112కు ఫోన్ చేసి పోలీసులను రమ్మనాలి.

అవమానం జరిగితే ఆ రోజే దుకాణానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని అందులో రాయాలి. ఆలస్యమైతే అవి చెరిగిపోయే ప్రమాదం ఉంది.

సొంతూరు వెళ్లిపోయినా దారి మూసుకుపోదు. కొత్త చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. బళ్లారిలో జరిగినదానికి రాయదుర్గంలో ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఇంకా వెసులుబాటు ఇచ్చింది. కొన్న ఊళ్లోనే కాదు, తాము నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనూ కేసు వేయవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. సరుకుకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబర్ 1915. అక్కడ తెలుగులోనూ, కన్నడంలోనూ మాట్లాడవచ్చు.

చిన్నమ్మ కేసు పెట్టలేదు. పెళ్లింట్లో ఇంకా పేరు పడుతుందని వద్దంది. ఆరోజు కంప్యూటర్ నుంచి తీసిచ్చిన రూ.172 బిల్లు మాత్రం ఇప్పటికీ పర్సులోనే ఉంది. నూనె ఎప్పుడో అయిపోయింది, ఇంకా ఎందుకని అడిగితే, ‘ఎవురన్నా అడిగితే సూపించల్ల కదప్పా’ అంటోంది. అందులో అక్షరాలు అప్పుడే వెలిసిపోతున్నాయి. డబ్బు కట్టి కొన్న మనిషి నిజాయతీకి ఆ కాగితం పూచీ కావాల్సిన అవసరం లేదు. ఈ ముక్క గుమ్మం దగ్గర నిలబడే కుర్రాడికి కాదు, అతన్ని అక్కడ నిలబెట్టిన యాజమాన్యాలకు తెలియాలి.