లెక్క గింజ సైజులో లేదు

సంపాదకులకు,

ఇంగ్లీషు నామవాచకాల మీద గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. లెక్కపెట్టగలిగేవి, లెక్కపెట్టలేనివి అనే తేడా తెలుగు పిల్లలకు కొత్త కాబట్టి తిండి పేర్లను పట్టికగా బట్టీ పట్టించాలన్న సలహాను నేను ఒప్పుకోను.

మా పెంటపాడు వరిచేల ఊరు. ఇక్కడ వడ్లు ఎండాయి అంటాం, బియ్యం నిండుకున్నాయి అంటాం, అన్నం ఉడికింది అంటాం. బియ్యం పొయ్యిమీద అన్నమయ్యేసరికి క్రియ ఏకవచనంలోకి మారిపోతుంది. బడి మొహం చూడని పిల్లలు కూడా ఇక్కడ తడబడరు. పాలు, నీళ్లు నిత్యబహువచనాలని మన వ్యాకరణం ఏనాడో గుర్తించింది.

గింజలు చిన్నవి కాబట్టి రైస్ లెక్కకు రాదన్న కారణమూ నిలవదు. వీట్ ఏకవచనం, ఓట్స్ బహువచనం. గింజల్లో అంత తేడా ఏముంది? అది ఆ భాష అలవాటు. తాడేపల్లిగూడెం మార్కెట్లో బస్తాల్లో ఉన్నవి ఆనియన్స్. తరిగి కూరలో వేశాక ఆనియన్ అన్నా సరిపోతుంది. ఎ చికెన్ అంటే కోడి, ఉత్త చికెన్ అంటే మాంసం. కొల్లేటి చేపలు ఎన్ని పట్టినా మామూలుగా ఫిష్ అనే అంటారు.

పట్టిక బదులు రెండు భాషల వాక్యాలూ పక్కపక్కన రాయించండి. పాలు మనకు బహువచనం, మిల్క్ వాళ్లకు ఏకవచనం. పప్పు మనకు ఏకవచనం, లెంటిల్స్ వాళ్లకు బహువచనం. తప్పులు దొర్లేది ఇలాంటి చోటే, పాఠం ఆగవలసిందీ ఇక్కడే. ‘మిల్క్ ఆర్ హాట్’ అని రాసిన పిల్లను దయచేసి తిట్టకండి. ఆమె తెలుగును సరిగ్గానే పాటించింది.

- ఒక పాఠకుడు, పెంటపాడు